వీపు వెనక గోడ

మేస్త్రీ మావ పోయాడు. సోమవారం పొద్దున్న కూతుర్ని టీ పెట్టమని, ఆ టీ వచ్చేలోగా ఓల్డ్ సెటిల్‌మెంట్ రైల్వే క్వార్టరు వరండాలో, కుర్చీలోనే కన్ను మూశాడు. కబురు నాకు ఖరిదా బజారులో అందింది. కూరల సంచీతోనే అటు నడిచాను. ఆయనా నేనూ రక్తసంబంధీకులం కాము. పక్క పక్క క్వార్టర్లు, రైల్వే వర్క్‌షాపులో ఒకే షాపు, ఒకే పని బల్ల. అందరం శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవాళ్లమే కాబట్టి వరసలు వాటంతటవే కలిశాయి.

శ్మశానం దగ్గర ఒక పెద్దమనిషి "పాపం, జాలిగుండె" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. జాలి అనే మాటలో ఆయన్ని సర్దేయడానికి నేను ఒప్పుకోను. ఆయన చేసింది ఆలోచించి చేసిన పని. అది చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఆయనకి సైకిలుండేది. సైరన్ మోగాక దాన్ని నడిపించుకుంటూనే ఇంటికొచ్చేవాడు. ఎక్కితే, మాట్లాడే మనిషి వెనకబడిపోతాడట. ఆకురాయి పట్టినప్పుడు పెదవి కదపకుండా ఏదో కూనిరాగం తీసేవాడు. చలికాలం పొద్దుల్లో షాపు పైకిటికీల నుంచి వెలుతురు ఏటవాలుగా దిగేది, అందులో లోహపు పొడి తేలుతుండేది. ఆ రాగం మనిషిలోంచి కాక వెలుతురులోంచి వస్తున్నట్టుండేది.

పందొమ్మిది వందల యాభైల చివరి మాట. షాపు పేరు రాయను, ఏ షాపైనా ఒకటే. మా పని బల్ల గోడకి ఆనించి ఉండేది. ఏడుగురం గోడకేసి నిలబడి ఇత్తడి బేరింగులు నునుపు చేసేవాళ్లం. మా వెనక నడవ. గుడ్డ బూట్లు తొడుక్కున్న సూపర్‌వైజరు చప్పుడు లేకుండా వచ్చి ఎవరో ఒకరి వెనక ఆగేవాడు. కాగితం మీద పెన్సిలు గీసిన శబ్దం మాత్రం వినపడేది.

ఏడాది తిరిగేసరికి నా చేతులు నావి కాకుండా పోయాయి. ఒక్క వారంలో మూడు బేరింగులు పాడుచేశాను. ఇంట్లో పాపని ఎత్తుకోవాలన్నా భయమే, జారిపోతుందని. డాక్టరు చీటీ మీద 'నరాల బలహీనత' అని రాశాడు. నేనూ నమ్మాను. ఫిట్టరు పనికి పనికిరానని, మోత పనికి వేయమని నాకు నేనే అర్జీ రాసుకుని మావ చేతికిచ్చాను.

"ఏటిరా అల్లుడా, ఎవలైనా రాయమన్నారా?"

"లేదు మావా. నానే రాసినాను. నా సేతులు సచ్చిపోనాయి."

"సచ్చిపోయిన సేతులు ఇంత గుండ్రంగా రాసినాయేటి?" అని అర్జీ జేబులో పెట్టుకున్నాడు.

ఆదివారం వరండాలో పాత ఇత్తడి ముక్క ఒకటీ ఆకురాయీ చేతికిచ్చి, నన్ను గోడకి ఆనుకుని కూర్చుని నునుపు చేయమన్నాడు. ఎదురుగా వేపచెట్టు నీడ కదులుతోంది. ఎక్కడో రైలు పెట్టెల షంటింగ్ చప్పుడు. పని ఎప్పుడు పూర్తయిందో నాకే తెలియలేదు. ఆయన వేలితో తడిమి చూశాడు.

"సెయ్యి బాగానే ఉన్నాది. జబ్బు నీ ఈపు ఎనకాల ఉన్నాది."

ఇప్పటికీ కొందరు రాస్తుంటారు, పనివాడు మనసు గట్టి చేసుకోవాలని. అయ్యా, మీ వెనక ఒకణ్ణి నిలబెట్టుకుని ఆ వ్యాసం రాయండి, చూద్దాం.

బల్ల చివర ఆయన చోటుకి మాత్రం వెనక అడ్డగోడ ఉండేది. సోమవారం తన పనిముట్ల పెట్టె తెచ్చి నా దగ్గర పెట్టాడు. "లే. నా సోటుకి ఎల్లు." సూపర్‌వైజరు ఇదేమిటని అడిగితే "సాబ్, ఇధర్ హవా అచ్ఛా హై" అన్నాడు, ఇక్కడ గాలి బాగుందని. బల్లంతా నవ్వింది.

నెల తిరక్కుండానే నా చేతులు కుదుటపడ్డాయి. కానీ ఆయన కూనిరాగం ఆగిపోయింది. నేను కూలబడ్డ చోటే ఆయన భుజాలు బిగుసుకోవడం కళ్లారా చూశాను. వర్షాకాలం వచ్చేసరికి, ఇరవయ్యేళ్లలో మొదటిసారి, ఆయన చేతిలో బేరింగు పాడయింది.

దాన్ని ఆయన దాచలేదు. ఫోర్మన్ బల్ల మీద పెట్టాడు. వెనకే మేం ఆరుగురం.

"ఆడు కుర్రాడు, నరాలు అన్నారు. మరి నాకేటొచ్చినాది? ఆ సోటు ఎవల్నైనా ఇలాగే సేస్తాది. బల్ల ఇవతలకి లాగించండి. మేం గోడకి ఈపు పెట్టి నిలబడతాం. వొచ్చేవోడు మాకు ఎదురుగా రావాల."

ఫోర్మన్ ఆ ముక్కని చాలాసేపు తిప్పి చూశాడు. అది ఎవరి చేతి పనో ఆయనకి తెలుసు. వారంలో బల్ల బోల్టులు ఊడదీసి ఇవతలకి జరిపారు.

కావాలనే పాడుచేశాడని షాపంతా చెప్పుకుంది. నేనూ అడిగాను.

"కావాల్నంటే అంత బాగా పాడు సెయ్యలేన్రా" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ, సైకిలు హ్యాండిల్ మీద ఆయన వేళ్లు ఇంకా సన్నగా వణుకుతున్నాయి. నా వణుకుని ఆయన మోశాడు. ఆ సంగతి తెలియకుండా ఆయన్ని దయగలవాడని పొగడకండి.

బల్ల జరిపిన సాయంత్రం మా ఆరుగుర్నీ బల్లకి గోడవైపు నిలబెట్టి, తను నడవ చివరి తలుపు దాకా వెళ్లాడు. అక్కణ్ణించి సూపర్‌వైజరులా అడుగులో అడుగేసుకుంటూ మా వైపు రావడం మొదలెట్టాడు. వెనక పొద్దు వాలుతోంది. మొదట ఆకారం, తర్వాత భుజాలు, తర్వాత ముఖం.

"కనిపిస్తన్నానేట్రా?"

"కనిపిస్తన్నావు మావా."

"ఎంత దూరాన్నించి?"

తలలెత్తి చూస్తూనే ఉన్నాం. పొద్దుకి ఎర్రబడ్డ ఆ దుమ్ములో ఆయన తొందర లేకుండా, మాకు ఎదురుగా నడిచి వస్తూనే ఉన్నాడు.