రూప్లా తప్పు ప్రశ్నలు

రూప్లాకు ఒకటే అలవాటు. ఎవరినైనా ఏదైనా అడగాలంటే ముందు తప్పు ప్రశ్న అడుగుతాడు. కాదనడం రానివాళ్లు అవునన్నా నమ్మడు.

సొంతూరు కారేపల్లి వెళ్లాలంటే, ఖమ్మం బస్టాండులో కారేపల్లి బోర్డున్న బస్సు ముందే నిలబడి, "ఇది పెనుబల్లి పోతదా?" అంటాడు. "పోదు" అంటే ఎక్కుతాడు. ఒక కండక్టరు తల ఎత్తకుండా "ఎక్కు, ఎక్కు" అన్నాడు. రూప్లా ఎక్కలేదు. బస్సు మాత్రం కారేపల్లికే వెళ్లింది.

పెళ్లిచూపుల్లో పూలిని అడిగిన మొదటి మాట: "నా పేరు రవీందరే గదా?"

"కాదు, రూప్లా. ఏంది, నీ పేరు నీకు ఎరుకలేదా?"

సంబంధం అక్కడే ఖాయమైంది. ఎందుకో పూలి వాళ్ల నాన్నకు ఇప్పటికీ అర్థం కాలేదు.

ఖమ్మంలో రూప్లాదీ నాదీ ఒకే ఆఫీసు, పక్కపక్క కుర్చీలు. భద్రాచలం వైపు అడవి ఊళ్లలో తిరిగే ఆశా కార్యకర్తల కోసం ఒక ఫోన్ యాప్ తయారుచేశాం. పిల్ల బరువు కొడితే జ్వరం సిరప్ ఎంత పోయాలో చెబుతుంది. ఆ లెక్కను పరీక్షించే టెస్టులు మాతో పనిచేసే శ్యామల రాసింది. వాటిని నడిపే టెస్ట్ రన్నర్ అనే ప్రోగ్రాం, అన్నీ పాసైనట్టు పచ్చ టిక్కు చూపించింది. మధ్యాహ్నం కార్యకర్తలు వచ్చి యాప్‌ను ఫోన్లలో ఎక్కించుకోవాలి. మా యజమాని ప్రభాకర్ గారు స్వీట్లు తెప్పించారు.

రూప్లా స్వీటు ముట్టలేదు. కోడ్ తెరిచి, పసిపిల్లకు సీసా మొత్తం పోయమని మార్చాడు. రన్నర్ నడిపాడు.

పచ్చ టిక్కు.

"పాసైనదాన్ని ఖరాబ్ చేస్తవేందయ్యా?" అన్నారు ప్రభాకర్ గారు.

"సార్, సీసా మొత్తం తాగించుమన్నా ఇది సరే అంటున్నది."

ప్రభాకర్ గారి చేతిలో లడ్డూ అక్కడే ఆగింది. నేను కంప్యూటర్ ఆపి మళ్లీ ఆన్ చేశాను. పాత ఫైళ్లన్నీ తుడిచి మళ్లీ నడిపాం. పచ్చే. రూప్లా రిపోర్టు చివరిదాకా వెళ్లి వేలు పెట్టాడు. నడిచిన టెస్టులు: సున్నా.

"అన్నా, పోయిన వారం టెస్టులను కొత్త పద్ధతిలకు మార్చిన," అంది శ్యామల.

"రన్నర్‌కు చెప్పినవా?"

శ్యామల సెట్టింగుల ఫైలు తెరిచింది. కొత్త రకం టెస్టులను పాత సెట్టింగులున్న రన్నర్ గుర్తుపట్టలేదు. ఒక్కటీ నడవలేదు కాబట్టి ఒక్కటీ తప్పలేదు. సెట్టింగుల ఫైల్లో ఒక వరుస చేర్చాక తెర ఎర్రబడింది. రూప్లా మొహం వెలిగింది. తను పెట్టిన తప్పు తీసేశాడు. అయినా ఒక ఎరుపు మిగిలింది.

అది అతను పెట్టింది కాదు. ఎనిమిదిన్నర కిలోలని కొడితే మధ్యలో చుక్క ఎగిరిపోయి ఎనభై అయిదు అవుతోంది. శ్యామల దాన్ని దిద్దింది. అన్నీ పచ్చబడ్డాయి. అప్పుడు రూప్లా లడ్డూ తిన్నాడు.

మధ్యాహ్నం కార్యకర్తలు వచ్చారు. ప్రభాకర్ గారు యాప్ అంతా వివరించారు.

"అర్థమైందా?"

"అవ్ సారు."

"డౌట్లేమన్న ఉన్నయా?"

"అవ్ సారు."

ప్రభాకర్ గారు తృప్తిగా ప్రొజెక్టర్ ఆపబోయారు. రూప్లా లేచి ముందు వరసలో ఉన్న జంపక్క దగ్గరికి వెళ్లాడు.

"అక్కా, ఎనిమిదిన్నర కిలోల పిల్లకు సీసా మొత్తం తాగించాలె, గంతే గదా?"

"అవ్ సా..." జంపక్క ఆగింది. రూప్లా కదలకుండా నిలబడ్డాడు. "ఏంది సారూ, మొత్తమా? పిల్ల ఏం గావాలె? నోటికొచ్చింది చెప్పుడేనా?"

ఫోన్ తీసి, బరువు కొట్టి, తెర అతని ముక్కు దగ్గర పెట్టింది. "గిది చూడు. గింతే."

రూప్లా చేతులు కట్టుకుని చూశాడు. "తప్పయింది అక్కా. రేపు ఫోన్ తప్పు చెప్పినా దాన్ని గిట్లనే తిట్టాలె."

"ఫోన్ సంగతి తర్వాత. ఇంట్ల పిల్లలకు మందు నువ్వే పోస్తవా?"

"లేదక్కా, మా ఇంటామె పోస్తది."

"నయం," అంది జంపక్క.

అందరూ నవ్వారు. ఆ నవ్వుల్లోనే వెనక వరసలో ఒక చెయ్యి లేచింది.

"సారూ, నాకేం సమజ్ కాలే."

రూప్లా కుర్చీ ఎత్తుకుని వెళ్లి ఆమె పక్కన వేసుకున్నాడు.