ఫ్రీజర్ వెనక చీపురు

గుండెపోటు వచ్చి ఆస్పత్రి నుంచి తిరిగొచ్చిన వెర్నాకు ఇంట్లో కనబడనిది ఆమె చీపురు. ఇల్లు ఊడ్చేది కాదు, కర్లింగ్‌ది. సస్కచెవాన్‌లోని మా ఊళ్లో చలికాలమంతా అదే ఆట. ఒకరు మంచు మీద రాయి జారవిడిస్తే, ఇద్దరు చీపుర్లతో దాని ముందు మంచును రుద్దుతూ దాన్ని చివరనున్న వలయం దాకా చేర్చాలి. వెర్నా పెళ్లికి ముందునుంచీ రుద్దుతోంది.

"డీప్ ఫ్రీజర్ వెనక దాచావు కదూ?" అంది భర్త ఒరెస్ట్‌తో.

"నేనేం దాచలేదు. నువ్వు కూర్చో, టీ నేను తెస్తా."

"టీ తెస్తావు, సూప్ తెస్తావు. రేపు నా బదులు ఊపిరి కూడా నువ్వే పీలుస్తావా, ముసలోడా?"

ఒరెస్ట్‌ది భయం. వాళ్ల నాన్న వాకిట్లో మంచు ఎత్తిపోస్తూనే గుండె ఆగి పోయాడు. ఊరి పోటీకి వెర్నా దిగాలా వద్దా అని రోజూ జగడమే. చివరికి, గుండె డాక్టరు వెర్నాను పంపిన విశ్వవిద్యాలయ పరిశోధనశాలలో ఎలా చెబితే అలా అని ఒప్పుకున్నారు.

అక్కడ ఆమె ముఖానికి మాస్కు పెట్టి, ఛాతీకి తీగలు అంటించి ట్రెడ్‌మిల్ మీద నడిపించారు. వారం వారం కాస్త ఎత్తు పెంచారు. పక్కన నిలబడ్డ ఒరెస్ట్‌కే ఎక్కువ చెమట పట్టేది. పోటీ దగ్గర పడ్డాక పరిశోధకురాలు అతనికి తెర మీద వెర్నా గుండె గీతలు చూపించింది.

"ఇలా మెల్లగా కష్టం పెంచుకుంటూ పోయినవాళ్లే బాగా కోలుకుంటున్నారండీ. ఆవిడ ఆడొచ్చు. ఇక కుర్చీకి కట్టేయకండి."

ఆ పిల్లే పరిశోధనశాలలోని ఓ కర్లింగ్ చీపురుకు ఒత్తిడి కొలిచే పరికరం బిగించి ఇంకో సంగతి కనిపెట్టింది. చేతులు వేగంగా ఆడిస్తే చాలదట, ఒంటి బరువు చీపురు మీద మోపాలట.

"పెరోగీ పిండి పిసికినట్టా? ముందే చెప్పొద్దూ!" అంది వారం వారం ఆ దుంప కజ్జికాయలు చేసే వెర్నా.

చీపురు ఫ్రీజర్ వెనకనుంచే వచ్చింది.

పోటీలో ఆఖరి రాయి. వలయంలోకి చేరితే గెలుపు. రాయి సగం దారిలోనే మందగించింది. "రుద్దండే!" అని గొంతు చించుకుంది జట్టు నాయకురాలు లొరెట్టా. వెర్నా చీపురు మీదికి ఒరిగి బరువంతా మోపింది. చూసేవాళ్ల గది అద్దం అవతలినుంచి ఒరెస్ట్ అరుపు: "మోపు! ఇంకా మోపు, పిండిలాగా!"

రాయి వలయం గీత దాటి లోపల ఆగింది. హాలు దద్దరిల్లింది.

ఈ ఆటలో ఆనవాయితీ, గెలిచినవాళ్లే ఓడినవాళ్లకు బీరు పోయించాలి. వెర్నా బార్ వైపు నడిచింది.

"నువ్వు కూర్చో, నేను తెస్తా," అంటూ ఒరెస్ట్ పరిగెత్తాడు.

"నీ గుండె ఎవరు చూశారు? సోమవారం ఆ ట్రెడ్‌మిల్ నువ్వెక్కు. ముందు ట్రే పట్టు!"

ఆ మాటకు ఓడినవాళ్లే ముందు చప్పట్లు కొట్టారు.