కుట్టేసిన ఆఖరి భాగం

నా చిన్నప్పుడు ప్రేమ నవల చేతికి రాగానే ముందు ఆఖరి పేజీ చూసేదాన్ని. ఇద్దరూ కలిశారని తెలిస్తే తప్ప మొదటి పేజీ మీద మనసు నిలిచేది కాదు. ఆ తొందరను మా పక్కింటి అక్క కనిపెట్టింది.

అప్పటి కొండాపూర్ అంటే బండరాళ్లు, జొన్నచేలు, కొన్ని ఇళ్లు. అక్క పొద్దున్నే బస్సెక్కి లింగంపల్లి వైపు ఒక ఫ్యాక్టరీలో పనికి వెళ్లేది. వారపత్రికల్లో వచ్చే సీరియల్ పేజీలను జాగ్రత్తగా విడదీసి, సూదీదారంతో పుస్తకంగా కుట్టుకునేది. ఆ వేసవిలో నాకిచ్చిన పుస్తకంలో మాత్రం ఆఖరి భాగాన్ని అంచుల వెంట కూడా కుట్టేసింది. వేలు దూర్చి చూద్దామన్నా సందు లేదు.

"ఇద్దరికీ ఇష్టమే గదక్కా! ఇన్ని పేజీలు ఎందుకు తిప్పలు పడుతున్నరు?" అని విసుక్కున్నాను.

"కలుస్తరే పిల్లా, అది నేనే చెప్తున్న, పో. ఆమె అడగాల్సింది ఒకటున్నది, ఆయన చెప్పాల్సింది ఒకటున్నది. అదేందో సూడు," అంది.

ఆ రోజుల్లోనే అక్కకు సంబంధం వచ్చింది. రోజూ అదే బస్సులో వెళ్లే అబ్బాయి. ఇద్దరికీ ఇష్టమని వాడకట్టంతా తెలుసు. ఒక ఆదివారం అతను తల్లిని వెంటబెట్టుకుని వచ్చాడు. చాయ్ తాగుతూ ఆ తల్లి, "పెండ్లయినంక ఫ్యాక్టరీ గిట్ట వద్దు బిడ్డా, ఇంట్లనే ఉందువు," అంది. పెద్దలంతా తలలూపారు. అక్క అతనివైపు చూసింది. అతను చాయ్ కప్పులోకి చూశాడు. "నాకు జర టైమ్ కావాలె," అని అక్క లోపలికి వెళ్లిపోయింది.

అక్క వాళ్లమ్మ పరేషాన్ అయింది. "ఇష్టమేనాయె, ఇగ ఊ అంటే ఏమైతదే నీకు?" అని రోజూ సణిగేది. అక్క టిఫిన్ డబ్బా సర్దుకుని బస్సుకు వెళ్లేది. నాకైతే కాలు నిలిచేది కాదు. సంబంధం తప్పిపోతుందేమోనని భయం. వాళ్ల గుమ్మానికీ మా గుమ్మానికీ తిరుగుతూ, కుట్టిన పేజీలను గోటితో గీకుతూ, మిగతా కథ చదివాను. అందులోని అమ్మాయి ఇష్టమున్నా ఎందుకు ఒప్పుకోకుండా ఆగిందో అప్పుడే కొంచెం అర్థం కాసాగింది. అతనికి ఇష్టమా కాదా అన్నది ఆమె బెంగ కాదు. ఆ ఇష్టంలో తనకు చోటెంత అన్నదే.

ఒక సాయంత్రం అతనొక్కడే వచ్చాడు. అరుగు కింద నిలబడి, అక్క వాళ్లమ్మకు కూడా వినపడేలా అన్నాడు. "ఆ రోజే చెప్పాల్సింది. పెండ్లయినంక గూడ ఇద్దరం ఒకే బస్సుకు పోదాం. మా అమ్మకు చెప్పే వచ్చిన."

అక్క అతన్ని చూసి నవ్వింది, లోపలికి రమ్మంది. అతను వెళ్లాక నన్ను పిలిచి కత్తెర చేతిలో పెట్టింది. "ఇగ కొయ్యి!"

ఆ జొన్నచేల చోట ఇప్పుడు అద్దాల ఆఫీసులున్నాయి. మా మనవరాలు అక్కడికే క్యాబ్‌లో వెళ్తూ, ఫోన్‌లో ప్రేమ నవల రాస్తుంది, రోజుకో భాగం. ఇంకెప్పుడు కలుపుతారని పాఠకులు ఒకటే గోల.

"అమ్మమ్మా, రేపే కలిపెయ్యనా?" అని మొన్న అడిగింది.

"ఆ పిల్లగాడు ఇంకా చెప్పనిదేంది?" అన్నాను. ఫోన్ పక్కన పెట్టి ఆలోచనలో పడింది.

నా తొందర మాత్రం ఈ వయసులోనూ పోలేదు. రోజూ డైరీ రాయడం ముగించి నవల తెరిస్తే, వేలు ఆఖరి పేజీకే పోతుంది. అక్కడ కుట్టేమీ ఉండదు. అయినా ఉన్నట్టే తడిమి, వెనక్కి వచ్చేస్తాను.