వంతెన మీద చెప్పులు

మా పెద్దమ్మది గద్వాల. బస్సు కృష్ణ వంతెన ఎక్కంగనే కాళ్ల చెప్పులు ఇడిసి సీటు కిందికి తోసేది. కండక్టర్‌తోని ఎంత కొట్లాటల ఉన్నా అక్కడ నోరు మూసుకునేది. "నది మీద లొల్లి వద్దు" అనేది. అవతలి ఒడ్డు రాంగనే చెప్పులేసుకొని, "ఆఁ, ఇప్పుడు చెప్పు" అని ఆపిన కాడి నుంచే మళ్ల మొదలుపెట్టేది.

పత్తిచేను పంపకంల ఆమెకూ, చెల్లెలైన మా అమ్మకూ మాటలు బందైనయ్. ఆ యేడు నదికీ, పాత వంతెనకూ పండుగ చేసిన్రు. బండ్లు ఆపి జనాన్ని నడవనిచ్చిన్రు. నేనూ అమ్మా వనపర్తి దిక్కు నుంచి పోతుంటే, నడుమల పెద్దమ్మ ఎదురొచ్చింది, చెప్పులు చేతిల పట్టుకొని. ఆమెను చూసి అమ్మ కూడా చెప్పులు ఇడిసి చేతిల పట్టుకున్నది.

"తిన్నవానే?" అన్నది పెద్దమ్మ.

"తిన్న అక్కా."

పెద్దమ్మ వెనక్కి మళ్లి, తన మోకాళ్ల నొప్పి సంగతి చెప్పుకుంట అమ్మ పక్కన నడిసింది. గద్వాల ఒడ్డు రాంగనే అమ్మ ఏసుకుందామని చెప్పులు కింద పెట్టింది. ఇగ లొల్లి మొదలైతదనుకున్న.

పెద్దమ్మ వంగి అమ్మ చెప్పులు కూడా తీసుకున్నది.

"ఇంటిదాంక గిట్లనే పోదాం పా" అని ఆటోను పిలిచింది.