ఖుర్సీపార్‌లో తిమింగలం

మొన్న భిలాయి వెళ్ళినప్పుడు ఖుర్సీపార్‌లో ఒక తెలుగాయన బజ్జీల బండి దగ్గర ఆగాను. మాది విశాఖపట్నం అనగానే ఆయన చిల్లుల గరిటె పైకెత్తి కథ మొదలెట్టాడు.

"నడిసముద్రంలో మా తెప్ప పక్కనే తిమింగలం లేచింది భయ్యా! ఎంతుందనుకున్నారేటి? ఏక్‌దమ్ రెండు రైలు వ్యాగన్లు!"

గరిటె నుంచి కాగిన నూనె నా చెప్పు మీద పడింది. వెనక్కి గెంతాను. మూకుడులో బజ్జీలు నల్లబడుతున్నాయి.

"అది ఊపిరి వదిల్తే వానే!" అంటూ ఆయన చెంబులో నీళ్ళు గాల్లోకి చిమ్మాడు. సగం నా చొక్కా మీదే పడ్డాయి.

పక్కన ఉల్లిపాయలు తరుగుతున్న ఆయన భార్య తలెత్తింది. "బాబూ, ఆ తెప్పలో ఉన్నది నేను. సిన్నప్పుడు మా అయ్యతో ఎల్లాను. ఈయన ఇక్కడే పుట్టాడు. సముద్రమే సూడనేదు."

ఆయనేమీ సిగ్గుపడలేదు. "పెళ్ళయ్యాక నీదీ నాదీ వేరేటే?" అన్నాడు.

నేను ఆవిడ వైపు తిరిగాను. "మరి అప్పుడేం చేశారమ్మా?"

"ఏటి సేస్తాం? మా అయ్య కళ్ళు మూసుకుని దండమెట్టాడు. నాకేమో ఆకలి. 'తప్పుకోవే తల్లీ, అన్నాలేళయింది' అని కేకేశాను. తప్పుకుంది."