మా అమ్మ పలకని మాట

మా చిన్నప్పుడు... ఖిలా వరంగల్‌లోని మా ఇంటి దూలానికి ఒక గ్యాస్ లైటు వేలాడుతూ ఉండేది. క్రిస్మస్ నెలలో పాటల గుంపు ఇల్లిల్లూ తిరుగుతుంటే దాన్ని ఎత్తి పట్టుకుని ముందు నడిచేది మా బాపు.

ఆ రోజుల్లో మా ఇంట్లో ఎటు తిరిగినా గ్యాసే. రేషన్ షాపులో వరుస కట్టి తెచ్చుకునే కిరోసిన్‌ను గ్యాస్ నూనె అనేవాళ్ళం. జాతరలో ఏడ్చి కొనిపించుకునే బెలూనేమో గ్యాస్ బుగ్గ. కొత్తగా వచ్చిన గ్యాస్ పొయ్యి దగ్గరికైతే మమ్మల్ని పోనిచ్చేవారే కాదు. ఇక బాపు చెప్పే గొప్పలు...

"ఘన్‌పూర్ల రైలు నా కోసమే ఆపిండ్రు, ఎరుకేనా?" అనేవాడు.

"ఇగ సాలు, గ్యాస్ కొట్టకు!" అని అమ్మ నవ్వేది.

ఒక ఆదివారం... ప్రార్థన నుంచి వచ్చి, మటన్ కూరతో కడుపు నిండా తిన్నాక బాపు గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

"ఛాతీల పట్టేసినట్టున్నదే..."

"గ్యాసే ఉంటది. జర వాము నములు," అంది అమ్మ. నన్ను గోలీ సోడాకు పంపింది.

సోడా తాగి బాపు పెద్దగా తేన్చాడు. "పోయింది గ్యాస్!" అని నేను చప్పట్లు కొట్టాను. బాపు కూడా నవ్వాడు. చెమటలు మాత్రం ఆగలేదు. ఉక్కపోత అనుకుని ఫ్యాను కింద పడుకోబెట్టాం.

గంట తర్వాత ఆటోలో దవాఖానకు తీసుకుపోయారు. గుండెపోటట... ముందే తేవాల్సిందట. బాపు మళ్ళీ ఇంటికి నడిచి రాలేదు.

అమ్మను ఎవరూ ఒక్క మాట అనలేదు. తనను తానే అనుకుంది. ఆ రోజు నుంచి ఆమె నోట ఆ మాట రాలేదు. సిలిండర్ అయిపోతే "బండ అయిపోయింది" అనేది. ఆ లైటును పాటల గుంపుకే ఇచ్చేసింది. మేమూ ఇంట్లో ఆ మాట అనడం మానేశాం. కానీ నా చప్పట్లు నాకు ఇప్పటికీ వినిపిస్తాయి...

నాకిప్పుడు బాపు వయసు దాటింది. పోయిన నెల ఒక మధ్యాహ్నం అన్నం తిని లేస్తుంటే నాకూ ఛాతీలో పట్టేసింది. మా ఆయన "గ్యా..." అనబోయి ఆగిపోయాడు. మా దగ్గరే ఉంటున్న అమ్మ అప్పటికే చెప్పులు వేసుకుంది.

"వామొద్దు, సోడా వద్దు. ఆటో పిలువు కొడుకా!" అంది అల్లుడితో.

దవాఖానలో ఈసీజీ తీశారు, రక్తం పరీక్షలు చేశారు. సాయంత్రానికి డాక్టర్ వచ్చి, గుండె బాగానే ఉందని, గ్యాసేనని చెప్పి వెళ్ళాడు. అమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"గ్యాసేనట బిడ్డా... ఉత్త గ్యాసేనట..."

ముప్పై ఏళ్ళ తర్వాత ఆ మాట అని, వెక్కి వెక్కి ఏడ్చింది.

"అప్పుడు గూడ గంతే అనుకున్న బిడ్డా..."

నేనూ ఏడ్చాను.

ఇప్పుడు గ్యాస్ లైట్లు లేవు, గ్యాస్ నూనె వాసనా లేదు. ఫోన్ నొక్కితే బండ గుమ్మం ముందుకొస్తుంది. గొప్పలు చెప్పి నవ్వించే బాపే లేడు.

మీ ఇళ్ళల్లోనూ ఇలా ఎవరూ పలకని మాట ఒకటి ఉండే ఉంటుంది... చెప్పుకోవాలనిపిస్తే కింద రాయండి. ఎవరికైనా ఛాతీలో పట్టేస్తే మాత్రం, సోడా కోసం పిల్లల్ని పంపకండి.