అందరికంటే ముందు అలసిపోయే మనిషి

ఛుమిక్ గ్రామంలో మేమే ఛోస్‌ఫెల్ అంత తొందరగా అలసిపోయే మనిషి మరొకడు లేడు. లుంగ్‌మర్ కనుమ ఎక్కే బిడారు ఏదైనా సరే, అందులో మొట్టమొదట కూలబడేది ఆయనే. అలసట అన్న మాటను మనం సాధారణంగా ఏకవచనంలోనే వాడుతాం; ఆయన విషయంలో మాత్రం బహువచనం తప్పదు. మోకాలి అలసట వేరు, ఊపిరి అలసట వేరు, ఎడమకాలి జోడు అలసట వేరు. ఒక్కొక్కసారి వెనక వచ్చే గుర్రం అలసటను కూడా తన మీద వేసుకొని, దాని తరఫున ఆయనే కూర్చునేవాడు.

మేమే అంటే తాత. ఛోస్‌ఫెల్‌కు డెబ్బయి దాటాయి కనుక ఆ పిలుపులో ఇప్పుడు వింత లేదు. కాని ఆయన ముప్పై అయిదో ఏటనే ఊరు ఆయనను మేమే అని పిలవడం మొదలుపెట్టింది. అంత అలసట యువకులకు ఉండదని వారి అభిప్రాయం.

లుంగ్‌మర్ మీద కూర్చోవడం ఊరికే జరిగే పని కాదు. ఆ ఎక్కుడులో బిడారు ఆగే చోట్లు రెండే రెండు: కింద నీటి ఊట దగ్గర ఒకటి, సగం దారిలో ఎర్రబండ దగ్గర ఒకటి. ఆ రెండు చోట్ల తప్ప మరెక్కడైనా ఎవరైనా ‘ఆగండి, నా వల్ల కాదు’ అన్నారంటే, అన్నవారు అక్కడే ఒక రాయి ఎత్తుకొని, కనుమ నెత్తిన ఉన్న దేవతల రాళ్ళగుట్ట దాకా మోయాలి. ఏ రాయి మోయాలో నిర్ణయించేది మోసేవారు కారు, తోటివారు. రాయి భుజాన పడేదాకా బిడారు కదలకూడదు. అంతటితోనూ పోదు. చలికాలంలో కొత్త ఏడాది లోసర్ పండుగకు ఊరంతా ఒకచోట చేరి ఛంగ్ అనే బార్లీ కల్లు తాగుతున్నప్పుడు, ఆ ఏడు రాళ్ళు మోసినవారి పేర్లు గుచ్చి పాట కడతారు. ఆ పాటకు భయపడి కాళ్ళు విరిగినా నోరు మెదపని ఇళ్ళు ఛుమిక్‌లో చాలా ఉన్నాయి.

ఛోస్‌ఫెల్‌కు ఆ భయం లేదు. ఆయన పేరున ప్రతి ఏడూ ఒక చరణం ఉండేది. అది పాడుతున్నప్పుడు ఆయన కళ్ళు మూసుకొని వినేవాడు. రాగం తప్పిందని మళ్ళీ పాడించుకునేవాడు.

కనుమ మీద ఆయన వరస ఇలా ఉండేది. బిడారుకు ముందు నడుస్తూ ఉన్నట్టుండి ఆగి, వెనక్కి తిరిగి చూసి, నిట్టూర్చి, కూర్చునేవాడు. జోడు విప్పి దులిపేవాడు. అందులోంచి ఏమీ రాలేది కాదు. రెండో జోడు విప్పేవాడు. ఈలోగా గుర్రాలవాడు స్తోబ్దన్ తన నోటికి పని చెప్పేవాడు. అతని నాలుక ఆ లోయలో కత్తి కంటే వాడి.

“మేమే, ఇంకో గజం నడిస్తే నీ పేరు చెడిపోతుందా?”

“చెడిపోతుంది నాయనా. కష్టపడి సంపాదించుకున్న పేరు.”

స్తోబ్దన్ ఒక పెద్ద రాయిని చూపించేవాడు. ఛోస్‌ఫెల్ దాని చుట్టూ తిరిగి, అది తన తాహతుకు మించినదని వాదించేవాడు. వాదం ఒక కుండ టీ తాగేటంత సేపు సాగేది. చివరకు ఆ రాయినే వీపు బుట్టలో వేసుకొని, మళ్ళీ అందరికంటే ముందు నడిచేవాడు. ఉత్త చేతులతో నడవలేక కూలబడిన మనిషి, యాక్ దూడంత రాయి మోస్తూ ఎలా నడుస్తున్నాడన్న ప్రశ్న నలభై ఏళ్ళలో ఎవరికీ తట్టలేదు.

ఒకసారి గొంపా మఠం నుంచి ఒక లామా ఆ బిడారుతో కనుమ దాటాడు. మంచి విద్వాంసుడు, అంతకు మించి మంచి శరీరం. ఊట దగ్గర మొదలుపెట్టిన పారాయణం ఎర్రబండ దాటాక మూడో మలుపు దగ్గర నెమ్మదించి, నాలుగో మలుపు దగ్గర ఆగిపోయింది. సరిగ్గా అప్పుడే ఛోస్‌ఫెల్‌కు మోకాలు పట్టేసింది. లామా ఒక బండ మీద ఆసీనుడై, ఊపిరి కూడదీసుకుంటూ, సోమరితనం వల్ల రాబోయే జన్మలలో కలిగే కష్టాలను ఛోస్‌ఫెల్‌నే ఉదాహరణగా చూపుతూ అరగంట వివరించాడు. ఛోస్‌ఫెల్ చేతులు జోడించి విన్నాడు. ముగింపు కాస్త తొందరగా వచ్చిందనిపించిందేమో, మళ్ళీ వచ్చే జన్మ సంగతి అడిగాడు.

ఆ ఏడు గ్రామపెద్ద వంతు యాంగ్‌డోల్ ఇంటికి వచ్చింది. ఛుమిక్‌లో పెద్దరికం ఇంటింటికీ ఏడాదికొకసారి మారుతుంది. మగడు మంద వెంట పై మేతలకు పోయాడు కనుక పెద్దరికం యాంగ్‌డోల్ మీదే పడింది. దానితోపాటు మరో బరువు కూడా పడింది. ఆమె అత్తగారు కుంజెస్ అవ్వకు రెండు కళ్ళలోనూ పొర కమ్మింది. మనుషులను గొంతును బట్టి, కోడలిని అడుగుల చప్పుడును బట్టి గుర్తుపట్టేది. కనుమకు అవతల థాంగ్‌సో బడిలో కంటి వైద్యులు రెండు రోజులు మకాం వేస్తారన్న కబురు ఛుమిక్‌కు ఆలస్యంగా అందింది. ఒక్క రోజులో కనుమ దాటితేనే రెండో రోజు పొద్దున వారిని పట్టుకోగలరు. తప్పిపోతే, వైద్యులు మళ్ళీ వచ్చేలోగా మంచు కురుస్తుంది, దారి మూసుకుపోతుంది. వసంతం వచ్చేసరికి అవ్వకు మిగిలేది చీకటి.

కుంజెస్ అవ్వ సామాన్యురాలు కాదు. నలభై తొమ్మిది సార్లు లుంగ్‌మర్ దాటింది. ఒక్క రాయి మోయలేదు. ఆ మాట రోజుకు ఒకసారైనా చెప్పనిదే ఆమెకు సత్తు పిండి గొంతు దిగేది కాదు.

ప్రయాణానికి ముందు యాంగ్‌డోల్ ఛోస్‌ఫెల్ ఇంటి కప్పు ఎక్కింది. ఆయన ఎండలో గోడకు ఆనుకొని కదురు మీద ఉన్ని వడుకుతున్నాడు.

“మేమే, ఏమీ అనుకోకండి. ఈసారి మీరు ఇంట్లోనే ఉండండి.”

“ఎందుకమ్మా?”

“దారిలో ఎన్నిసార్లు కూర్చుంటారో మీకే తెలుసు. వైద్యులు మన కోసం కూర్చోరు కదా.”

ఆయన కదురు ఆపి ఆలోచించాడు. నిజమేనన్నాడు. ఆ దారి తలచుకుంటేనే తనకు అలసటగా ఉందన్నాడు. ఆమె నిచ్చెన దిగబోతుండగా మళ్ళీ పిలిచాడు.

“ముందు ఎవరు నడుస్తారు?”

“నేనే.”

“ముందు నడిచేవాళ్ళకి కాళ్ళ కంటే మెడ ముఖ్యం. బాగా తిరగాలి.”

పెద్దతనం చేత ఏదో అంటున్నాడనుకొని ఆమె తల ఊపి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రానికి కనుమ పాదంలోని రాతి గుడిసెలకు చేరి, మర్నాడు వేకువనే అక్కడి నుంచి బయలుదేరారు: యాంగ్‌డోల్, గుర్రం మీద అవ్వ, గుర్రాలతో స్తోబ్దన్, వెన్న మూటలతో పొరుగింటి అన్నదమ్ములు ఇద్దరు. ఎర్రబండ దగ్గరికి ఎన్నడూ చేరనంత పెందలాడే చేరారు. ఛోస్‌ఫెల్ లేని ప్రయాణం ఇంత హాయిగా ఉంటుందా అని యాంగ్‌డోల్ అనుకుంది. స్తోబ్దన్ పాట కూడా అందుకున్నాడు.

ఎర్రబండ దాటాక అంతా జారుడు రాళ్ళు. అక్కడ గుర్రం తన బరువు తాను మోయడమే గొప్ప. అవ్వ దిగి గుర్రం తోక పట్టుకొని నడవసాగింది. ఒక అడుగు వేస్తే అర అడుగు వెనక్కి జారే దారి అది. అక్కడ ఊపిరి ఎంత పీల్చినా సగమే లోపలికి పోతుంది. కాలు ఎత్తాలని మనిషి అనుకోవడానికీ, కాలు లేవడానికీ మధ్య ఒక చిన్న ప్రయాణం ఉంటుంది. యాంగ్‌డోల్ తల వంచుకొని, తన జోళ్ళనే చూసుకుంటూ, మలుపు తరువాత మలుపు ఎక్కింది.

కొంతసేపటికి ఏదో లోపించినట్టు తోచింది. స్తోబ్దన్ పాట లేదు. అన్నదమ్ముల తగవు లేదు. అత్తగారి నలభై తొమ్మిది సార్ల ముచ్చట లేదు. రాళ్ళ గరగర, గుర్రాల రొప్పు తప్ప ఏమీ వినబడడం లేదు. అప్పుడు ఆమెకు మెడ సంగతి గుర్తుకు వచ్చి వెనక్కి తిరిగింది.

స్తోబ్దన్ నోరు ఒడ్డున పడిన చేప నోరులా ఉంది. అన్నదమ్ములిద్దరూ బూడిద రంగులో ఉన్నారు. అవ్వ పెదవులు సిరా తాగినట్టు నీలంగా మారాయి. గుర్రం తోకను ఆమె పట్టుకుందో, ఆ తోకే ఆమెను పట్టుకుందో తెలియడం లేదు.

“అమాలే, కాసేపు ఆగుదామా?” అని అత్తగారిని అడిగింది.

“ఎవరి కోసం?” అంది అవ్వ. ఆ రెండు మాటలకు మూడు ఊపిరులు పట్టాయి. “నా కోసమైతే వద్దు.”

యాంగ్‌డోల్‌కు తాను థాంగ్‌సో నుంచి కొత్త కోడలిగా ఈ కనుమ ఎక్కిన రోజు కళ్ళ ముందు నిలిచింది. నెత్తిన నీలి ఫిరోజా రాళ్ళు కుట్టిన పెళ్ళి తలపాగా, చుట్టూ అత్తింటివారు. మొదటి ఎక్కుడులోనే రాయి మోసిన కోడలికి ఆ పేరు కాటికి పోయేదాకా పోదు. ఆ రోజు కళ్ళకు చీకట్లు కమ్మిన ప్రతిసారీ ముందు నడిచే ఆ మనిషి ఆగి, వెనక్కి తిరిగి, తన వైపు ఒకసారి చూసి కూలబడేవాడు. పదకొండు సార్లు. ఈ ముసలివాడి వల్ల పెళ్ళి ముహూర్తం తప్పేలా ఉందని ఆమె లోలోపల తిట్టుకుంది కూడా.

లామా పారాయణం ఆగిన మలుపు అదిగో, పక్కనే ఉంది. మేమే అలసట ఎప్పుడూ మోకాలి నుంచి పుట్టలేదు. వెనక ఎవరి మాట ఆగిపోతే అక్కడి నుంచి పుట్టేది.

యాంగ్‌డోల్ దారి మధ్యలో కూర్చుంది.

“ఆగండి. నా వల్ల కాదు.”

ఆ మాట పూర్తి కాకముందే అందరూ కూర్చున్నారు. కాసేపటికి స్తోబ్దన్ ఉన్న బలమంతా పోగుచేసుకొని ఒక రాయి వైపు వేలు చూపాడు. ఊరి పెద్దే రాయి ఎత్తిన ఏడు ఇదొక్కటేనని, లోసర్ పాటకు కొత్త రాగం కావాలని అన్నాడు. అవ్వ బండకు జారగిలబడి, గుండెల నిండా గాలి పీల్చుకొని, కోడలు ఇంటి పరువు తీసిందని చాలా తృప్తిగా వాపోయింది. ఆ వాపోవడంలోనే ఆమె పెదవులకు రంగు తిరిగి వచ్చింది.

యాంగ్‌డోల్ రాయి ఎంపిక గురించి వాదం పెట్టుకుంది. అలా వాదించడం ఆమెకు ముందెన్నడూ అలవాటు లేదు. అయినా ఒక కుండ టీ తాగేటంత సేపు లాగగలిగింది.

కనుమ నెత్తికి చేరేసరికి ఆమె వీపు బుట్టలో మూడు రాళ్ళు ఉన్నాయి. రాళ్ళగుట్ట వెనక, గాలి తగలని చోట, పిడకల మంట మీద టీ మరుగుతున్నది. మంట పక్కన మేమే ఛోస్‌ఫెల్ కదురు తిప్పుతూ కూర్చున్నాడు. అందరికంటే ముందు, మేకల అడ్డదారి మీదుగా, పిడకల బస్తా మోసుకొని, ఎక్కడా ఆగకుండా వచ్చాడన్నమాట.

“ఇక్కడేం చేస్తున్నావ్?” అని స్తోబ్దన్ అడిగాడు.

“ఇంట్లో కూర్చుంటే ఊరకే అలసటగా ఉంది నాయనా.”

ఆయన యాంగ్‌డోల్ బుట్టలోకి తొంగి చూశాడు. రాళ్ళను ఒక్కొక్కటే తీసి గుట్ట మీద పెట్టి, ఆమెకు మాత్రమే వినబడేలా అన్నాడు:

“గుండ్రాళ్ళు ఎత్తకమ్మా. బుట్టలో దొర్లి వీపు ఒరిసేస్తాయి. స్తోబ్దన్ ఏది చూపించినా సరే, బల్లపరుపు రాయి దొరికేదాకా వాదించు.”

దిగుడులో ఆయన ఒక్కసారి కూడా కూర్చోలేదు. సాయంత్రానికి థాంగ్‌సో చేరారు. మర్నాడు వైద్యులు పెట్టెలు కట్టుకునే ముందు చివరగా చూసి, ఒక కంటి పొర తీసి కట్టు కట్టిన మనిషి కుంజెస్ అవ్వే. నలభై తొమ్మిది సార్ల సంగతికి యాభయ్యోదాన్ని కూడా చేర్చి ఆమె వారికి సవిస్తరంగా చెప్పింది. తన కోడలికి మాత్రం ఓపిక తక్కువని కూడా చెప్పింది.

పది రోజుల తరువాత తిరుగు ప్రయాణం. కంటి కట్టు విప్పారు. ఆ ఒక్క కంటితోనే అవ్వ లోకాన్ని నిలదీసింది. స్తోబ్దన్‌కు అంత ముక్కు ఎప్పుడు వచ్చిందని అడిగింది. ఛోస్‌ఫెల్ ఇంత ముసలివాడైతే తనకు ఎవరూ చెప్పలేదేమని కోప్పడింది. ఏ వైపు నుంచి ఎక్కినా లుంగ్‌మర్ నియమం ఒకటే; అందరూ మెల్లగా ఎక్కసాగారు.

పది రోజుల పాటు అత్తగారి పక్కన మేలుకొని ఉన్న యాంగ్‌డోల్ ఈసారి నిజంగానే అలసిపోయింది. గుండ్రాళ్ళు ఒరిసిన వీపు ఇంకా మానలేదు. మూడో మలుపులో ఆమె మాట ఆగిపోయింది. ముందు నడుస్తున్న ఛోస్‌ఫెల్ వెనక్కి తిరిగాడు. నిట్టూర్చాడు. మోకాలు వంచాడు.

“ఆగండి. నా వల్ల కాదు.”

ఆ గొంతు ఛోస్‌ఫెల్‌ది కాదు. కోడలి ముఖాన్నే ఒంటికంటితో చూస్తూ, కుంజెస్ అవ్వ ఒక బండ మీద కూర్చుంది.

ఏ రాయి చూపాలో తెలియక స్తోబ్దన్ చెయ్యి గాలిలోనే ఉండిపోయింది. అవ్వ తానే చుట్టూ చూసి, బల్లపరుపు రాయి ఒకటి ఒడిలోకి లాక్కొంది. పాటలో తన పేరు సరిగా పలకకపోతే ఊరుకోనని హెచ్చరించింది.

సగం వంగిన మోకాలితో ఛోస్‌ఫెల్ అలాగే నిలబడిపోయాడు.

“నలభై ఏళ్ళుగా ఈ పని నేనొక్కణ్ణే చేసుకుంటున్నా,” అన్నాడు చిన్నబుచ్చుకొని. “ఇప్పుడు ఇంతమంది తయారైతే నేనెక్కడ కూర్చోవాలి?”

అవ్వ బండ మీద కొంచెం పక్కకు జరిగింది.

“జరిగానుగా. కూర్చో.”